పాట బాగుంది, పలక ఎవరిస్తారు?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 22 ఏళ్ళు, మాది తిరుపతి. డిగ్రీ అయ్యాక శ్రీకాళహస్తిలో ఒక గురువుగారి దగ్గర కలంకారీ నేర్చుకుంటున్నాను. మేము నలుగురం స్నేహితులం. ఒకమ్మాయి బాగా పాడుతుంది. ఒకబ్బాయి వీడియోలు తీసి ఎడిటింగ్ చేస్తాడు. ఇంకొకతను పాటలు, మాటలు రాస్తాడు. మాకు వచ్చిన విద్యతో ఊరికి ఏదైనా చేద్దామని రెండు నెలలు రిహార్సల్ వేసుకుని ఓటు మీద ఒక వీధినాటకం తయారుచేశాం. ఒక ఆదివారం సాయంత్రం లీలామహల్ సెంటర్లో, ఫ్లైఓవర్ కింద ఆడాం. జనం బాగానే నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు, ఫోన్లలో తీసుకున్నారు, మాతో సెల్ఫీలు దిగారు. రీల్ పెడితే మాకెప్పుడూ రానన్ని లైకులు వచ్చాయి. కానీ "ఓటు నమోదు చేసుకోవాలంటే మాకు మెసేజ్ పెట్టండి" అని నెంబరు ఇస్తే వచ్చినవి నాలుగు. అందులో రెండు నాటకం బాగుందని చెప్పడానికే.

ఇప్పుడు మా ఏరియా నాయకుడొకాయన "ఇంకో పది చోట్ల ఆడండి, ఖర్చు నాది, బ్యానర్ మీద నా ఫొటో ఉండాలి" అంటున్నాడు. అమ్మేమో "మనకెందుకు ఈ రాజకీయాలు, రేపు ఉద్యోగానికి అడ్డం" అని ఒకటే టెన్షన్. పాడే అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్ళిపోతుంది. గట్టి వాన పడితే మా సందులోనే మోకాటిలోతు నీళ్ళు నిలుస్తాయి. దానికే ఏమీ చేయలేనివాళ్ళం ఊరికి చెప్పడమేమిటని నాకే సిగ్గుగా ఉంది. మానేయమంటారా?

— తిరుపతి నుంచి ఒక పాఠకురాలు

జవాబు:

పాపా,

మానేయొద్దు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నువ్వు నిదానంగా చదువుతావు.

ఇప్పుడొక పాత సంగతి చెప్పనీ. నేను డిగ్రీ చదివే రోజులు, 1990, 91 ప్రాంతం. చిత్తూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరుగుతోంది. దానికి పెట్టిన పేరు అక్షర తపస్‌మాన్. వేరే జిల్లావాళ్ళకైతే ఆ పేరు విడమరిచి చెప్పాలి, మనకు అక్కర్లేదు. ద్రౌపదమ్మ గుడి ముందర భారతం ఆడేటప్పుడు శివుడి పాశుపతాస్త్రం కోసం అర్జునుడు పొడవాటి మాను ఎక్కుతాడే, ఆ తపస్సు మాను. ఊరూరా తిరిగి ఆటపాటలతో ఉద్యమం గురించి చెప్పే కళాజాతాలో మా కాలేజీ నుంచి ఎనిమిదిమందిమి చేరాం. ఒక డప్పు, ఒక కంజిర, నాలుగు పాటలు, ఒక చిన్న నాటిక. సాయంత్రం బస్సు దిగి పల్లెలోకి నడిచిపోయి, రచ్చబండ దగ్గర ఆడి, ఎవరింట్లోనో సంగటి తిని పడుకునేవాళ్ళం.

పాకాల వైపు ఒక పల్లెలో ఆ రాత్రి మా ఆట బ్రహ్మాండంగా పండింది. మగవాళ్ళు ఈలలు వేశారు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు, ఒకచోట కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరసలో ఒక అవ్వ కూర్చుంది. ఒళ్ళో చేట, చేటలో చింతపండు. పాట వింటూనే గింజలు తీస్తూ ఉంది. ఆట అయిపోయి మేము గజ్జెలు విప్పుకుంటుంటే లేచి నా దగ్గరికొచ్చి, జిగురంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది: "పాట బాగుంది మే. రేపు పొద్దున నేను యాడికి రావల్ల? పలక ఎవరిస్తారు?"

నాకు నోట మాట రాలేదు. మాకు తెలియదు. చదువు చెప్పే వాలంటీరు ఆ ఊళ్ళో ఎవరో, కేంద్రం ఏ ఇంటి అరుగు మీద పెడతారో, ఎన్ని గంటలకో, మాలో ఒక్కరికీ తెలియదు. తెల్లారితే మేము ఇంకో ఊరికి పోవాలి. అవ్వ ఇంకాసేపు నిలబడి చేట తీసుకుని వెళ్ళిపోయింది. పక్క ఊరినుంచి పద్ధతి మార్చాం. ఆట మొదలుకాక ముందే వాలంటీరును పట్టుకునేవాళ్ళం. ఆఖరి పాట పాడుతున్నప్పుడు ఆ అబ్బాయో అమ్మాయో పలకల కట్ట, నోటుబుక్కు పెట్టుకుని దీపం కింద కూర్చునేవాళ్ళు. మా పాటలో చివరి చరణం తీసేసి "ఫలానా వాళ్ళ అరుగు మీద, రేపు రాత్రి ఏడింటికి" అని ఊరి పేరు, మనిషి పేరు కలిపి పాడేవాళ్ళం. కవిత్వంగా చూస్తే అది మా పాటల్లోకెల్లా నాసిరకం చరణం. పేర్లు రాయించుకోవడానికి జనం లేచి వచ్చింది మాత్రం ఆ చరణానికే.

మీ నాటకంలోనూ నాకు కనిపిస్తున్న లోటు ఇదొక్కటే. ఫ్లైఓవర్ కింద నిలబడి చూసినాయన మనసు నిజంగానే కదిలింది అనుకుందాం. చేతిలో కూరగాయల సంచి ఉంది, ఇంటికి పోవాలి. ఆ రాత్రి ఆయన ఏం చేయాలి? "ఓటు వేయండి" అన్నారు మీరు. మర్నాడు ఎన్నిక లేదు. "మెసేజ్ పెట్టండి" అన్నారు. ఎవరో తెలియని పిల్లలకు మెసేజ్ పెట్టి తన వివరాలు ఎందుకిస్తాడు? ఈ రోజుల్లో ఫోన్ మోసాలు చూస్తూ నేను కూడా ఇవ్వను. నాలుగు వచ్చాయంటే ఎక్కువే.

మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి వినే ఉంటావు. అక్కడి ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకుంటూ, వాచకంలో సారా మాన్పించిన ఆడవాళ్ళ కథ చదివారు. కథలో ఉన్నది అచ్చంగా వాళ్ళ ఇళ్ళలో జరుగుతున్నదే. సారా దుకాణం కూడా వాళ్ళ ఊళ్ళోనే ఉంది, నడిచిపోయేంత దూరంలో. మూయించారు. 1992లో అక్కడ రాజుకున్నది జిల్లాలు దాటిపోయింది, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ పాఠం రాసినవాళ్ళ ప్రతిభ గొప్పదే. కానీ పుస్తకం మూసి లేచిన మనిషికి పోవాల్సిన చోటు ఎదురుగా కనబడింది, జతగా పోవడానికి పక్కన పదిమంది ఉన్నారు. మీ నలుగురూ ఇకమీద ఏం తయారుచేసినా, పాటైనా బొమ్మైనా రీలైనా, ఈ రెండూ ఉన్నాయా అని చూసుకోండి.

ఇంక మీ సందుకు వద్దాం. సిగ్గుపడుతున్నానన్నావు. నేనైతే మీ పని అక్కడినుంచే మొదలుపెట్టమంటాను. "ప్రజాస్వామ్యంలో పౌరుల బాధ్యత" అంటే ఎవరి కడుపూ కదలదు. మోకాటిలోతు నీళ్ళంటే బండి ఆగిపోయిన ఆయన, బడికి పోలేని పిల్లాడు, వంటింట్లోకి నీళ్ళొచ్చిన ఆమె, అందరూ నోరు విప్పుతారు. 2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మరిచిపోలేదు కదా.

మీ వీధివాళ్ళు ఇన్నాళ్ళూ ఎందుకు నోరు విప్పలేదో కూడా ఆలోచించు. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌కు మొదటిసారి ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. నడుమ దగ్గర దగ్గర పద్నాలుగేళ్ళు డివిజన్‌కు కార్పొరేటర్ అనే మనిషి లేడు. నీకు ఊహ తెలిసినప్పటినుంచి ఓటుకు వయసొచ్చేదాకా, మీ వీధిలో నీళ్ళు నిలిస్తే ఫలానా మనిషి ఇంటి తలుపు తట్టాలి అని ఎవరూ అనగా నువ్వు విని ఉండవు. ఆ అలవాటే పోయింది. జనానికి పట్టదు అని మీ వయసువాళ్ళు తొందరగా అనేస్తారు. ఏ తలుపు తట్టాలో తెలియక ఊరుకున్నవాళ్ళే నాకు ఎక్కువమంది కనిపిస్తారు.

అందుకని నాటకం కొన్నాళ్ళు పక్కన పెట్టి, మీ సందులో ఒక ముగ్గు వెయ్యి. నిజంగానే ముగ్గు. ఆదివారం పొద్దున్నే వీధి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గుపిండితో మీ సందు పటం గియ్యి. పెద్దదిగా, మనుషులు లోపల నిలబడేంత పెద్దదిగా. ప్రతి ఇల్లూ ఒక గడి. కరెంటు స్తంభం, కుళాయి, వేపచెట్టు, కాలువ, మూలమీద అంగడి, అన్నీ ఉండాలి. బొమ్మ గీసే చెయ్యి నీకుంది, రోడ్డు మీద ఒక ఆడపిల్ల ఇంత పెద్ద ముగ్గు వేస్తుంటే గుమ్మాల్లోంచి తలలు బయటికి రాకుండా ఉండవు. "ఇదేం ముగ్గు పాపా?" అని అడుగుతారు. అప్పుడు ఒక బుట్ట బంతిపూలు ముందు పెట్టి, "మీ ఇంటి ముందు నీళ్ళు ఎంతదాకా నిలుస్తాయో అక్కడ ఒక పువ్వు పెట్టండి" అను. అంతకు మించి ప్రసంగం వద్దు.

ఏం జరుగుతుందో చూడు. ఒకామె పువ్వు పెడితే పక్కింటామె "అక్కడ కాదు, ఇక్కడిదాకా" అంటుంది. ఒక తాత వచ్చి "అసలు ఇక్కడొక వంక ఉండేది, కొండమీద వాన పడితే నీళ్ళు ఇట్లా పోయేవి" అని కర్రతో గీసి చూపిస్తాడు. ఆ గీతే మీకు కావలసింది. మన ఊరికి నీళ్ళు కొండనుంచి దిగి పల్లానికి, స్వర్ణముఖి వైపు పోవాలి. నడుమ వంకలు పూడిపోతే, కాలువలు మూసుకుపోతే నీళ్ళు వీధిలో నిలబడతాయి. పాత దారి ఎక్కడుండేదో చాలాసార్లు ఆ తాతకే బాగా తెలుసు. మీ వీడియో అబ్బాయిని పక్క మేడమీదికి ఎక్కించి పైనుంచి ముగ్గు మొత్తం తీయమను. రాసే అబ్బాయి పక్కన కూర్చుని ఎవరేమన్నారో వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి, మెరుగులు దిద్దకుండా. వీధిలో తమిళం మాట్లాడే అవ్వలుంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళుంటాయి. వాళ్ళ మాట వాళ్ళ భాషలోనే ఎక్కించుకోండి.

భారతంలోంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది నాకు. తపస్సు మాను రోజు గుర్తుందా? అర్జునుడి వేషగాడు ఒక్కో మెట్టూ పద్యం పాడుతూ పైకి పోతుంటాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తలస్నానం చేసి తడిచీరలతో వరం కోరుతూ ఉంటారు. పైనుంచి ఆయన వేసే నిమ్మకాయ కోసం ఊరంతా చేతులు చాపుతుంది. అక్కడ ఊరికే చూసిపోయేవాళ్ళు ఉండరు. చందా ఇచ్చినవాళ్ళు, మాను నిలబెట్టినవాళ్ళు, వరం కోరినవాళ్ళు, నిమ్మకాయ దొరికినవాళ్ళు, ప్రతి మనిషికీ అందులో ఒక వంతు ఉంది. అందుకే పద్దెనిమిది రోజులు విసుగు లేకుండా కూర్చుంటారు. మీ ఫ్లైఓవర్ కింద జనానికి మీరు చప్పట్లు తప్ప వంతేమీ ఇవ్వలేదు. బంతిపువ్వు ఇచ్చి చూడు.

ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. అందుకే ఆ రోజే, అందరూ అక్కడ ఉండగానే అర్జీ రాసేయాలి. ఒక పేజీ చాలు. ఏ వీధి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఎన్ని ఇళ్ళు, ఏం కావాలి. వెనక ఆ ఫొటో, సంతకాలు, వేలిముద్రలు. అర్జీ ముందు మీ వార్డు సచివాలయంలో ఇవ్వండి. 2019 అక్టోబరు 2న ఈ సచివాలయాలు మొదలయ్యాయి, అక్కడ ఎవరు ఏ పని చూస్తారో ఇప్పటికీ చాలామందికి తెలియదు. కాలువ శుభ్రం చేయించడం శానిటేషన్ సెక్రటరీ పని. కాలువ కట్టడం, రోడ్డు, వీధిదీపాలు, నీళ్ళు అమెనిటీస్ సెక్రటరీ చూస్తారు. ఈ రెండూ కలిపి ఒకరి దగ్గరికే పోతే "నాది కాదు" అనే జవాబు వస్తుంది, మనం నీరసపడి వచ్చేస్తాం. అక్కడ కదలకపోతే సోమవారం. కలెక్టరేట్‌లో, కార్పొరేషన్ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, జనం పీజీఆర్‌ఎస్ అంటున్నారు. అక్కడ అర్జీ ఇస్తే నెంబరుతో రసీదు ఇస్తారు. ఆ రసీదు పారేయొద్దు. అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. పది రూపాయల రుసుముతో "మా వీధి కాలువకు అంచనా వేశారా, వేస్తే కాపీ ఇవ్వండి" అని అడుగు. 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ఎందుకు చేయలేదు అని నిలదీస్తూ రాయకు, కాగితాలు అడుగు. కాగితం అడిగితే తప్పించుకోవడం కష్టం.

ఇక్కడ నీ అసలు విద్యకు పని ఉంది. శ్రీకాళహస్తి పాత పటాలు చూశావు కదా, రామాయణం, భారతం గడులు గడులుగా గీసి, కింద తెలుగులో ఒక వరస రాసి ఉంటుంది. మీ సందు కథను అట్లా గుడ్డమీద గియ్యి. కరక్కాయ, పాలు పట్టించిన మామూలు గుడ్డే. ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు ఒక్కటే చాలు, రంగులకు ఆగొద్దు. మొదటి గడిలో వాన. రెండో గడిలో బండి తోసుకుంటున్న ఆయన. మూడో గడిలో ముగ్గు, బంతిపూలు. నాలుగులో సచివాలయం, కింద అర్జీ ఇచ్చిన తేదీ. తర్వాత ఏది జరిగితే అది, తేదీతో సహా. ఆఖరి గడి మాత్రం ఖాళీగా వదిలేయి. ఆ గుడ్డను మీ మూలమీద అంగడి ముందర, అంగడాయన ఒప్పుకుంటే, వేలాడదీయి. రోజూ పాలప్యాకెట్ కోసం వచ్చేవాళ్ళు ఆ తెల్లగడి చూస్తారు. "ఇంకా కాలేదా?" అని వాళ్ళే అడుగుతారు. సచివాలయం వాళ్ళు ఆ దారిన పోయినా చూస్తారు. ఎవరినీ తిట్టకుండా, ఎవరి పేరూ రాయకుండా ఆ గడి అడగాల్సింది అడుగుతుంది. పని అయినరోజు వీధి పిల్లల చేత ఆ గడి నింపించు. పనిచేసిన ఉద్యోగిని పిలిచి కృతజ్ఞత చెప్పండి, అది కూడా గడిలో ఉండాలి. తిట్టే వీడియోలు వాళ్ళు రోజూ చూస్తుంటారు, మెచ్చుకున్నవి అరుదు.

ఓటు నాటకం వదిలేయమని కాదు నా ఉద్దేశం. అది నాకు ఇష్టమైన విషయం. 18 ఏళ్ళకు ఓటు వచ్చింది 1989లో, అంతకుముందు 21 నిండాలి. ఆ ఏడు నవంబరులో నాకు 19. మా అన్న తన వయసులో ఆగాల్సి వచ్చిందని ఉడుక్కుంటుంటే నేను లైన్లో నిలబడి వేలిమీద ఇంకు పెట్టించుకుని వచ్చాను. మీ నాటకాన్ని చాటింపుగా మార్చండి అంటాను. మన గంగజాతరకు ముందు చాటింపు పడుతుంది కదా. చాటింపు పడ్డాక ఊరు దాటకూడదని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. చాటింపు వేసేవాళ్ళు రెండు ముక్కల్లో ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేయాలో చెప్పి డప్పు కొట్టుకుంటూ సాగిపోతారు. జాతరలో మొక్కుకుని వేసే అమ్మవారి వేషాలు మాత్రం దీనికి వాడొద్దు, మొక్కు తీర్చుకునేవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. డప్పు, చాటింపు వరస చాలు. రాసే అబ్బాయికి ఇట్లాంటిది ఇవ్వు:

"వినండయ్యా, వినండమ్మా! అక్టోబరు ఒకటికి పద్దెనిమిది నిండే పిల్లలు ఎవరెవరున్నారో రండి! ఓటు నమోదుకు ఆరో నెంబరు ఫారం, ఒక ఫొటో, పుట్టినతేదీ కాగితం, ఇంటి చిరునామా కాగితం! శనివారం సాయంత్రం అయిదింటికి, ఈ చెట్టు కిందే! ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ వస్తారు, జతగా మేమూ ఉంటాం!"

మన తిరుపతిలో ఈ చాటింపు వినాల్సినవాళ్ళు హాస్టళ్ళలో ఉన్నారు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల, వెటర్నరీ, సంస్కృత విశ్వవిద్యాలయం, ఇంకా ప్రైవేటు కాలేజీలు. ఎన్ని జిల్లాల పిల్లలో. జనవరి 1న 18 నిండకపోతే ఏడాదంతా ఆగాలి అనే వీళ్ళలో చాలామంది అనుకుంటున్నారు. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి వస్తున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 నిండినవాళ్ళు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండే విద్యార్థి సొంత ఊళ్ళో అయినా, ఇక్కడైనా నమోదు చేసుకోవచ్చు, ఇక్కడైతే కాలేజీ నుంచి ఇక్కడ చదువుతున్నట్టు సర్టిఫికెట్ కావాలి. రెండు చోట్లా ఉండటం మాత్రం నేరం. ఇప్పటికే ఊళ్ళో ఓటు ఉండి ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8. ఏ సందేహమున్నా 1950 నెంబరుకు ఫోన్ చేయొచ్చు.

మీ వీడియో అబ్బాయి చేయాల్సిన రీల్ కూడా ఇదే. ఒక హాస్టల్ పిల్ల తన ఫోన్లో ఫారం నింపుతుంటే, మొదటినుంచి చివరిదాకా, ఎక్కడ తడబడిందో అక్కడ ఆపి చూపించడం. మ్యూజిక్ తగ్గించమను. ఆ అమ్మాయి ఆధార్, ఫోన్ నెంబర్లు తెరమీద కనబడకుండా చూసుకోమను. లైకులు ఇంతకుముందుకన్నా తగ్గుతాయి, బాధపడొద్దు. ఎంతమంది ఫారం పంపారో లెక్క రాసుకోండి. ఇరవై వస్తే ఇరవై.

ఆ నాయకుడి సంగతి. ఫొటో వద్దని మర్యాదగా, గట్టిగా చెప్పండి. డబ్బులూ వద్దు. ఆయన మంచివాడే కావచ్చు, నాకు తెలియదు. కానీ ఆ బ్యానర్ ఎక్కిన రోజునుంచి మీ సందులో సగం ఇళ్ళు ముగ్గులో పువ్వు పెట్టవు, "వాళ్ళు ఫలానా పార్టీ పిల్లలు" అని తలుపు వేసుకుంటాయి. పోగొట్టుకున్న ఆ నమ్మకం మళ్ళీ ఏ నాటకంతోనూ రాదు. "అన్నా, మీ ఫొటో పెట్టలేం. ముగ్గు వేసే రోజు మీరూ రండి, వీధివాళ్ళు చెప్పేది వినండి" అను. అవతలి పార్టీ ఆయన్నీ అదే మాటతో పిలువు. ఇద్దరూ వస్తే మంచిదే, మైకు మాత్రం ఇవ్వొద్దు. మీకు అయ్యే ఖర్చు ఎంతని? ముగ్గుపిండి, పూలు, జిరాక్సులు, గుడ్డ. వీధిలో ఇంటికి ఇరవై రూపాయలు చందా వేసి, లెక్క కాగితం ఆ అంగడి గోడకే అంటించండి. భారతానికి మన ఊళ్ళు అట్లాగే కదా నడిపేది. ఇదంతా చెప్పి, నీకు సొంతంగా ఒక పార్టీ నచ్చడం తప్పేమీ కాదని కూడా చెప్తాను. అది నీ హక్కు. ఆ జెండాను, ఈ ముగ్గును ఒకచోట పెట్టకుండా ఉంటే చాలు.

మీ అమ్మ భయాన్ని కొట్టిపారేయకు పాపా. ఆడపిల్ల రోడ్డుమీద నిలబడి మాట్లాడితే వచ్చే మాటలు ఆమెకు తెలుసు, నీకింకా తెలియదు. ఆమెతో వాదించే బదులు ముగ్గు వేయడానికి సాయం రమ్మను. అంత పెద్ద ముగ్గుకు చుక్కల లెక్క నీకన్నా ఆమెకే బాగా తెలుస్తుంది. తన ఇంటి ముందు తనే పువ్వు పెట్టాక ఇది రాజకీయమా కాదా అని ఆమే చెబుతుంది. ఉద్యోగం మాట అంటావా, వీధి కాలువకు అర్జీ ఇచ్చినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. అయితే జాగ్రత్తలున్నాయి, అవి పాటిస్తే అమ్మకూ నిద్రపడుతుంది. రోడ్డుమీద ఆట ఆడేముందు పోలీస్‌స్టేషన్లో ఒక ఉత్తరం ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకో. రాత్రి పది దాటితే మైకు వాడొద్దు. గోడలమీద బొమ్మలు వేయాలనిపిస్తే ఇంటివాళ్ళ అనుమతి రాతలో తీసుకో, ప్రభుత్వ గోడైతే కార్పొరేషన్ అనుమతి కావాలి. బహిరంగ స్థలాల్లో గోడలు పాడుచేయడం మీద 1997 నుంచి మన రాష్ట్రంలో ప్రత్యేకంగా చట్టమే ఉంది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే ఏ కార్యక్రమానికైనా ముందు అడిగి తీరాలి. కొండమీద, గుళ్ళ దగ్గర రీల్స్ అసలే వద్దు. చిన్నపిల్లల ముఖాలు వీడియోలో పెట్టాలంటే అమ్మానాన్నలను అడగండి. ఒక మనిషి పేరు పట్టుకుని తిన్నాడు, దోచాడు అని పాట కట్టొద్దు, చేతిలో కాగితం ఉన్నా సరే.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. కాలువ ఈ ఏడాది రాకపోవచ్చు. అంచనా వేయాలి, డబ్బు రావాలి, టెండరు పిలవాలి, ఒక వానాకాలం గడిచిపోతుంది. తెల్లగడి అంగడి ముందర అట్లాగే వేలాడుతుంటే నీకు కడుపులో తిప్పినట్టుంటుంది. అప్పుడు ఆ గుడ్డ తీసేయొద్దు. పూడిక తీయించుకోవడం లాంటి చిన్న పని వానలకు ముందే సెప్టెంబరులో అడిగి చేయించుకోండి, దానికి టెండర్లు అక్కర్లేదు. దానికొక చిన్న గడి వెయ్యి. మా కళాజాతా రోజుల్లో మేము పేర్లు రాయించినవాళ్ళందరూ చదువుకోలేదు. సగంలో మానేసినవాళ్ళున్నారు, నాట్లకు పోయి మళ్ళీ రానివాళ్ళున్నారు. సంతకం పెట్టడం వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నేను వాళ్ళ చేతులు పట్టుకుని దిద్దించాను కాబట్టి ఇన్నేళ్ళయినా ఈ మాట నీకు ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ఇంక ఆ పాడే అమ్మాయి. ఆమెను ఆపొద్దు, తప్పు చేస్తున్నట్టు మాట్లాడొద్దు. ఉద్యోగం ముఖ్యం. వెళ్ళేలోపు చాటింపును ఆమె గొంతులో రికార్డు చేసి పెట్టుకోండి, తేదీ, స్థలం చెప్పే చోట ఖాళీ వదిలి. ప్రతిసారీ ఆ ఖాళీలో మీలో ఎవరో ఒకరు కొత్త తేదీ చెప్పి అతికించుకోవచ్చు, ఎడిటింగ్ అబ్బాయికి అది అరగంట పని. బెంగళూరులో స్థిరపడితే తన ఓటు అక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 నింపమను. ఆ నింపేటప్పుడు ఫోన్ తెర రికార్డు చేసి పంపమను, ఓటు మార్చుకునేవాళ్ళ కోసం అదొక రీల్ అవుతుంది. ముగ్గుకు మాత్రం ఆమె ఉండగానే, ఈ ఆదివారమో పై ఆదివారమో చూసుకోండి. పిండి రెండు కిలోలైతే చాలదు, నాలుగు కిలోలు తెప్పించు.